వింటున్న రేడియోను కంప్యూటరే రికార్డు చేస్తుంది

సంపాదకులకు నమస్కారం.

ఆకాశవాణి తెలుగు కేంద్రాలు ఇంటర్నెట్‌లో వినిపించడం మొదలైన తరువాత రేడియో సెట్టు లేని ఇళ్లలో కూడా భక్తిరంజని, నాటకాలు, సంగీత కచేరీలు మళ్లీ వినబడుతున్నాయి. అయితే వాటిలో చాలా భాగం ప్రసార సమయం దాటితే శ్రోతకు దొరకవు. దాచుకోవాలనుకున్నవారు కంప్యూటరు స్పీకరు ముందు సెల్‌ఫోన్ పెట్టి రికార్డు చేయడం తరచుగా చూస్తున్నాను. ఫ్యాను చప్పుడు, వీధిలో హారన్లు, కుక్కరు కూతలు కలిసిన ఆ రికార్డింగులో తంబుర శ్రుతి ఏ మాత్రం మిగలదు. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పాత కంప్యూటరైనా ఈ పనిని మైకు లేకుండా, అదనపు ఖర్చు లేకుండా శుభ్రంగా చేయగలదని ఎక్కువ మందికి తెలియకపోవడం నన్ను బాధిస్తోంది.

బ్రౌజరులో మోగే శబ్దం స్పీకరుకు చేరేముందు అంకెల రూపంలోనే లినక్స్ శబ్ద వ్యవస్థ గుండా ప్రయాణిస్తుంది. అట్టడుగున కెర్నల్‌లో, అంటే లినక్స్ మూలభాగంలో, సౌండ్ కార్డును నడిపే ఆల్సా ఉంటుంది. దాని పైన కొన్నేళ్ల కిందటి వరకు, ప్రోగ్రాముల శబ్దాలను కలిపి ఔట్‌పుట్‌కు పంపే పల్స్ ఆడియో ఉండేది. లినక్స్ రకాలైన ఫెడోరాలో 34వ, ఉబుంటులో 22.10 వెర్షన్ నుంచి ఆ స్థానంలో పైప్‌వైర్ వస్తోంది. ఈ రెండూ ప్రతి ఔట్‌పుట్‌కు జతగా 'మానిటర్' అనే ఇన్‌పుట్‌ను సిద్ధంగా ఉంచుతాయి. దాని నుంచి రికార్డు చేయడమంటే పాత టూ-ఇన్-వన్‌లో రేడియో నుంచి నేరుగా క్యాసెట్టుకు ఎక్కించుకోవడమే; గదిలో ఎవరు మాట్లాడుకున్నా అందులో పడదు.

పని కూడా కష్టమైనది కాదు. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగు ప్రోగ్రాములో రికార్డింగు మొదలుపెట్టి, పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామును తెరిచి, రికార్డింగ్ ట్యాబులో మైకుకు బదులు 'మానిటర్ ఆఫ్' అని మొదలయ్యే పేరును ఎంచుకుంటే చాలు. రికార్డింగు నడుస్తున్నప్పుడు మాత్రమే ఆ ట్యాబులో ఆడాసిటీ పేరు కనబడుతుంది. ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్లే చాలామంది ఖాళీ ట్యాబు చూసి, తమ సౌండ్ కార్డుకు ఆ సౌకర్యం లేదనుకుని వదిలేస్తున్నారు.

మానిటర్ ఆ ఔట్‌పుట్‌లోకి వచ్చే ప్రతి శబ్దాన్నీ పట్టుకుంటుంది కనుక, కచేరీ మధ్యలో ఈమెయిల్ వచ్చిన గంట మోగితే అదీ ఫైలులో చేరుతుంది. 'నల్ సింక్' అనే ఉత్తుత్తి ఔట్‌పుట్‌ను ఒక ఆదేశంతో సృష్టించి, బ్రౌజరు శబ్దాన్ని మాత్రమే దానికి మళ్లించి, దాని మానిటర్ నుంచి రికార్డు చేస్తే ఆ బెడద తప్పుతుంది; ఇంట్లోవారు నిద్రపోతున్నప్పుడు స్పీకరు మోగకుండానే పని జరుగుతుంది.

సీడీ ప్రమాణంలో, అంటే సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు, రెండు చానళ్లతో గంటసేపు రికార్డు చేస్తే సుమారు 635 మెగాబైట్లు అవుతుంది. శబ్దాన్ని కుదించకుండా దాచే సాధారణ వేవ్ ఫైలు 4 గిగాబైట్లకు మించి పెరగలేదు కాబట్టి, ఏడు గంటలు కూడా నిండకముందే ఆ హద్దు వచ్చేస్తుంది. ఫ్లాక్ అనే ఫైలు రూపంలో దాచుకుంటే నాణ్యత ఏమీ తగ్గకుండా పరిమాణం బాగా తగ్గుతుంది. ఇంటర్నెట్ ప్రసారం అప్పటికే కుదించబడి వస్తుంది. దానిని మళ్లీ ఎంపీ3గా కుదిస్తే కోల్పోయేది మరింత పెరుగుతుంది. ప్రసారపు చిరునామా నేరుగా తెలిసిన చోట సౌండ్ కార్డు ప్రమేయమే లేకుండా ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాము వచ్చినదానిని వచ్చినట్టే ఫైలులోకి రాస్తుంది, అదే ఉత్తమం. ఆ చిరునామా తెలియక, బ్రౌజరులో మాత్రమే వినగలిగే ప్రసారాలకు మానిటర్ మార్గం కావాలి.

విదేశాల్లోని తెలుగువారికి ఇది మరింత అవసరం. ఇక్కడ ఉదయం 6 గంటల కార్యక్రమం కాలిఫోర్నియాలో వేసవి వేళల ప్రకారం ముందురోజు సాయంత్రం 5.30కి, చలికాలంలో 4.30కి వస్తుంది. ఆఫీసులో ఉండే ఆ వేళకు ఇంటి కంప్యూటరు, చెప్పిన వేళకు పని మొదలుపెట్టే లినక్స్ ప్రోగ్రాము క్రాన్ సహాయంతో తానే రికార్డు చేసి పెట్టగలదు. క్రాన్ స్థానిక గడియారాన్ని అనుసరిస్తుంది కనుక మార్చిలో, నవంబరులో అక్కడ గడియారాలు మార్చినప్పుడల్లా ఆ వేళను సవరించుకోవాలి.

ఇలా చేయడం నేరమేమోనని సందేహించేవారు ఉన్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 39వ సెక్షన్, ప్రసారాన్ని సొంత వినియోగానికి, లేదా నిజాయితీగా బోధనకో పరిశోధనకో రికార్డు చేసుకోవడాన్ని ప్రసార సంస్థ హక్కుల ఉల్లంఘనగా పరిగణించదు. ఆ రికార్డింగును యూట్యూబులో పెట్టడం, అమ్మడం వేరు. వాటికి ఈ మినహాయింపు వర్తించదు. చందా కట్టి వినే సంగీత సేవల నుంచి పాటలు లాగడానికి దీన్ని వాడటాన్ని నేను సమర్థించను. నేను మాట్లాడుతున్నది మళ్లీ దొరకని రేడియో గురించి.

మీ సాంకేతిక పేజీలో ఈ విధానాన్ని తెర చిత్రాలతో, తెలుగులో, ఒక వారం పూర్తి వ్యాసంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. కంప్యూటరుకు కొత్తయిన పెద్దవారు కూడా చూసి చేయగలిగేలా, నల్ సింక్ సృష్టించే ఆదేశాన్ని అక్షరం పొల్లుపోకుండా అందులో అచ్చువేయండి.

ఇట్లు,
ఒక రేడియో శ్రోత,
తెనాలి