కృష్ణలంక పార్కుని మునిగినా పాడవకుండా కట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం అండి,

మాది విజయవాడ కృష్ణలంక. కృష్ణ వరదని ఆపే రిటైనింగ్ వాల్‌కి నది వైపున ఉన్న రివర్ ఫ్రంట్ పార్కు గురించి ఈ ఉత్తరం. 2024 మార్చిలో ఓపెనింగ్ చేశారు, ఆరు నెలలు తిరక్కుండానే సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకి వచ్చేసరికి పార్కు నీళ్లలోకి వెళ్లిపోయింది. గోడ మాత్రం ఊరిని కాపాడింది, అందులో రెండో మాట లేదు. ఆ గోడ లేకపోతే రాణిగారితోట, తారకరామనగర్, భూపేష్ గుప్తా నగర్ పరిస్థితి ఏంటో 2009 వరద చూసిన వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. (గోడ క్రెడిట్ ఎవరిదో పార్టీలు తేల్చుకుంటాయి, మనకెందుకు.)

నా బాధల్లా ఏంటంటే, గోడ ఊరి వైపు ఆలోచించి కట్టినట్టు పార్కుని నది వైపు ఆలోచించి కట్టలేదు. అది ఉన్నదే నది లోపల, మునగడం దానికి యాక్సిడెంట్ కాదు. 2009లో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, తర్వాత 2019 ఆగస్టులో, 2020 అక్టోబర్‌లో కూడా వరదలొచ్చాయి, మళ్లీ 2024లో ఏకంగా రికార్డు. మన బ్యారేజీకి ఉన్న 70 గేట్ల వెనక నిలిచేది మూడు టీఎంసీలే, లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే అవే దాదాపు 8.6 టీఎంసీలు, అంటే 2024 లాంటి వరదని బ్యారేజీ గంటసేపు కూడా ఆపలేదు, వచ్చింది వచ్చినట్టు వదలాల్సిందే. పైన పులిచింతల ప్రాజెక్టు ఉందిగా అంటారు కానీ మున్నేరు, వైరా, కట్టలేరు నీళ్లు దాని కింద కృష్ణలో కలుస్తాయి, అక్కడ కుండపోత పడితే పులిచింతల ఏం చేస్తుంది?

అందుకే ప్రతి వరద తర్వాత అవే టైల్స్, అవే లైట్లు, అవే రెయిలింగ్‌లు మళ్లీ వేసి బిల్లులు పెట్టే పని ఆపి డిజైనే మార్చాలి. బస్టాండ్ దగ్గర పద్మావతి ఘాట్ చూడండి, నీళ్లొస్తే మెట్లు మునుగుతాయి, తగ్గాక బురద కడిగితే మళ్లీ మెట్లే. పార్కు కింది భాగం కూడా అలాగే రాతి మెట్లు, గడ్డి, నీళ్లలో కొన్నాళ్లు నిలబడినా చావని ఏరుమద్ది, నేరేడు, కానుగ లాంటి చెట్లతో ఉండాలి. పిల్లల ఆటవస్తువులు, ఓపెన్ జిమ్, కరెంటు ప్యానెల్ బోర్డులు లాంటివన్నీ గోడకి ఇవతల పెట్టండి. రెయిలింగ్ కావాల్సిన చోట ఊడదీసి పక్కన పెట్టేలా ఉండాలి, ఎందుకంటే గుర్రపుడెక్క, కొమ్మలు దానికే చుట్టుకుని నీటి బరువుకి మొత్తం పెకలించుకుపోతుంది. ఒండ్రు ఎత్తిపోయడానికి ట్రాక్టర్ దిగే ర్యాంప్ ఒకటి తప్పనిసరి, ఎండి గట్టిపడ్డాక పారలతో గోకించడం పనివాళ్లకి నరకం.

ఇంకొకటి, మునుగుతోంది కదా అని మట్టి పోసి పార్కుని ఎత్తు చేస్తామంటే మాత్రం దయచేసి వద్దు. నది దారి అంత ఇరుకైతే నీళ్లు ఇంకెక్కడో ఎక్కుతాయి, అవతలి గట్టు వాళ్లూ మనవాళ్లే. అలాగే గోడలోంచి నదిలోకి వెళ్లే డ్రైన్లకి షట్టర్లు, వాటి దగ్గర మోటార్లు రెడీగా లేకపోతే, నది నిండుగా ఉన్నప్పుడు మన వాన నీళ్లు మన వీధిలోనే నిలుస్తాయి.

సింగపూర్‌లో బిషాన్ పార్కులో 2.7 కిలోమీటర్ల కాంక్రీట్ కాలువ తీసేసి వాన పెరిగితే గడ్డి మీదకి నీళ్లు పరుచుకునేలా చేశారు, నీటిమట్టం పెరుగుతుంటే సైరన్ మోగుతుంది, జనం పైకి వెళ్లిపోతారు. కృష్ణ ముందు ఆ వాగు ఎంత, నిజమే, కానీ సైరన్‌కి నది సైజుతో పనేముంది? మనకి బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకి, రెండోది 5.69 లక్షలకి ఇస్తారు, పార్కు గేట్లు మూయడం మొదటి హెచ్చరిక దాకా ఆగకుండా ఇంకా ముందే ఒక అంకెకి ముడిపెట్టి బోర్డు మీద రాసేయొచ్చు.

2028లో పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్ల పేరుతో డబ్బులు ఎలాగూ దిగుతాయి, అప్పటికప్పుడు హడావిడిగా మళ్లీ టైల్సే పరుస్తారేమోనని నా భయం. టెండర్ పిలవకముందే పార్కు డ్రాయింగ్ మీద 2009, 2024 నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో రెండు గీతలు గీసి మా వార్డు సచివాలయంలో అంటించమని అధికారుల్ని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా.

ఇట్లు,
కృష్ణలంక పాఠకుడు, విజయవాడ