వచ్చే నెల నుంచి ఫీజులు మారుతున్నాయి, ఎందుకో కూడా చెప్తాను

జిమ్‌లో నా దగ్గర ట్రైనింగ్ తీసుకుంటున్న అందరికీ నమస్కారం.

ఫీజు పెంచే ప్రతివాళ్లూ "మీ మేలు కోసమే" అంటారు. నేను ఆ మాట అనను. నాకు ఆదాయం పెరగాలి, పని గంటలు తగ్గాలి. అందుకే ఒకటో తారీఖు నుంచి ఈ మార్పులు.

మొన్నామధ్య ఒక గురువారం సాయంత్రం, ఆ రోజుకి నాకది తొమ్మిదో సెషన్. డెడ్‌లిఫ్ట్ చేస్తున్నాయన బార్ నేల మీంచి లేపీ లేపకముందే దించేసి, "సర్, ఒక పక్కకి లాగుతోంది" అన్నారు. చూస్తే ఎడమవైపు 20 కిలోల ప్లేటు, కుడివైపు 15. వేసింది నేనే. ఆయన నవ్వేసి ఊరుకున్నారు గానీ నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున ఐదున్నరకి వచ్చేవాళ్లకి దొరికే ట్రైనర్ వేరు, రాత్రి ఎనిమిదింటికి దొరికేవాడు వేరు. ఫీజు మాత్రం ఇద్దరికీ ఒకటే.

మా పనిలో చిక్కంతా ఇదే. నిలబడ్డ గంటకే డబ్బు. మీరేమో ఆఫీసుకి ముందో, ఆఫీసు తర్వాతో వస్తారు, మధ్యాహ్నమంతా ఖాళీ. ప్లాన్ రాసిన గంటకి, మెసేజ్‌లకి జవాబిచ్చిన గంటకి పైసా రాదు. నేను జ్వరంతో పడుకుంటే ఆ వారం ఆదాయం సున్నా. ఇన్నాళ్లూ సంపాదన పెంచుకోవాలంటే ఇంకో సెషన్ తగిలించడమే నాకు తెలిసిన దారి. అలా తగిలిస్తూ పోతే ఏమవుతుందో ఆ గురువారం చూశాను.

కాబట్టి ఇకపై పర్సనల్ సెషన్లు రోజుకి ఆరే. వాటి ఫీజు ఐదో వంతు పెరుగుతుంది. ఇప్పటికే ప్యాకేజీ కట్టినవాళ్లకి అది అయ్యేదాకా పాత ఫీజే.

అసలు మార్పు ముగ్గురి బ్యాచ్. ఒక సెట్, అంటే ఆగకుండా వరసగా బరువు లేపే ఒక విడత, సుమారు 40 సెకన్లలో అయిపోతుంది. బరువు గట్టిదైతే ఆ తర్వాత కనీసం రెండు నిమిషాలు ఆగాలి, లేకపోతే తర్వాతి సెట్‌లో అన్నిసార్లు లేపలేరు. అంటే పర్సనల్ సెషన్‌లో ముప్పావు వంతు టైమ్ మీరు ఆయాసం తీర్చుకుంటూ, నేను కబుర్లు చెబుతూ గడిపేస్తున్నాం. ముగ్గురుంటే ఒకరు లేపుతున్నప్పుడు ఇద్దరు ఊపిరి పీల్చుకుంటారు. నా కళ్లు ఎప్పుడూ ఎవరో ఒకరి సెట్ మీదే ఉంటాయి. నలుగురైతే ప్లేట్లు మార్చే టైమ్ కూడా మిగలదు, అందుకే ముగ్గురు దాటనివ్వను. ఒక్కొక్కరు కట్టేది పర్సనల్ ఫీజులో సగం. నాకు గంటకి ఒకటిన్నర రెట్లు వస్తుంది. దాచేదేం లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లని మొదటి ఎనిమిది సెషన్లు విడిగానే చూస్తాను. నడుం నొప్పి ఉన్నవాళ్లు, ఆపరేషన్ అయి వచ్చినవాళ్లు కూడా బ్యాచ్‌లోకి తొందరపడొద్దు.

ఆన్‌లైన్ గురించి ఒక మాట. పోయినేడాది 12 వారాల ప్లాన్ ఒకటి ఫైల్‌గా చేసి అమ్మాను. 31 మంది కొన్నారు. మూడో వారం దాటాక "ఈ వారం ఇంత లేపాను" అని రాసినవాళ్లు నలుగురు. డబ్బు బాగానే వచ్చింది, కానీ అది పని చేసి సంపాదించినట్టు అనిపించలేదు. ప్లాన్ అందరికీ ఉంది, "ఏమైంది?" అని అడిగేవాడే లేడు. ఇప్పుడు నెలవారీగా చేస్తున్నాను, 20 మందికే. వారానికి రెండు వీడియోలు పంపండి, మధ్యాహ్నాల్లో చూసి రెండు రోజుల్లో చెప్తాను, ఆదివారం బరువులు మారుస్తాను. ఫోన్ నేలమీద గోడకి ఆనించి తీయకండి, స్క్వాట్‌లో (బరువుతో కూర్చుని లేచేటప్పుడు) ఎంత లోతుకి దిగుతున్నారో తెలీదు. నడుం ఎత్తులో, పక్క నుంచి తీయండి.

సప్లిమెంట్లు అమ్మను. రెండు నెలలు ఒక కంపెనీ దగ్గర కమిషన్ తీసుకున్న మాట నిజమే. ఎవరైనా "నీరసంగా ఉంది సర్" అనగానే ఎంతసేపు నిద్రపోతున్నారని అడక్కుండా నా చెయ్యి డబ్బా వైపు వెళ్లడం మొదలైంది. అక్కడితో మానేశాను. క్రియేటిన్ (బలం పెరగడానికి చాలామంది వాడే సప్లిమెంట్) కావాలంటే మామూలు మోనోహైడ్రేట్ రకం రోజుకి 3 నుంచి 5 గ్రాములు చాలు, ఖరీదైన రకాలతో పని లేదు. కిడ్నీ సమస్య ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.

రాలేకపోతే 12 గంటల ముందు చెప్పండి, లేకపోతే ఆ సెషన్ అయిపోయినట్టే లెక్క. ఇన్నాళ్లూ మొహమాటంతో ఊరుకున్నాను. ఒంట్లో బాగోకపోతే మాత్రం ఈ లెక్క వర్తించదు.

ఈ ఫీజులు కుదరనివాళ్లు చెప్పకుండా మానేయొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారంలో కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం. కదలికలు ఒకసారి నేర్చుకున్నాక దానికి ప్రతిసారీ పక్కన నేను నిలబడక్కర్లేదు. నెలకి ఒక్కసారి వచ్చి చూపించుకుని, ప్లాన్ మార్పించుకుని వెళ్లొచ్చు.

సాయంత్రం ఆరు, ఏడు గంటల బ్యాచ్‌లు ముందు నిండిపోతాయి. ఏది కావాలో 25వ తేదీలోగా మెసేజ్ పెట్టండి. ఎవరితో కలిసి చేయాలనుకుంటున్నారో, ఎవరితో వద్దో కూడా రాయండి. ఆ రెండో సంగతి నా దగ్గరే ఉంటుంది.