ఆట మాన్పించకండి, పోయిన పాఠం తిరిగి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో ఆటల పేజీ నేను రోజూ చూస్తాను. మెడలో పతకంతో నిలబడ్డ బడిపిల్లల ఫొటో కనిపిస్తే కాసేపు ఆగి చూస్తాను. పేరు, పోటీ, ఎన్ని సెకన్లు, ఎన్నో స్థానం, అన్నీ రాస్తారు. ఆ పిల్ల మర్నాడు బడికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక ఏమవుతుందో మాత్రం ఎవరూ రాయరు. ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. ఆ మాట చెబుదామనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తేది. తొమ్మిదిలో లెక్కలు బాగానే చేసింది. పదిలో మొదటి యూనిట్ టెస్టు కూడా ఫరవాలేదు. రెండో టెస్టులో 50కి 19 వచ్చాయి. స్టాఫ్ రూమ్‌లో అందరిదీ ఒకటే మాట, "గ్రౌండ్ మానేస్తే అదే దారికొస్తుంది." నేనూ అదే అనుకున్నాను. వాళ్ల నాన్నను పిలిపించి, "ఈ ఒక్క సంవత్సరం రన్నింగ్ ఆపించండి, పరీక్షలయ్యాక చూసుకోవచ్చు" అన్నాను. ఆయన, "మీరెలా చెబితే అలాగే మేడమ్" అన్నారు. ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి గ్రౌండ్‌కి వెళ్లడం మానేసింది.

మూడు వారాల తర్వాత పెట్టిన టెస్టులో 17 వచ్చాయి.

ఆట మాన్పించాం కదా, మార్కులు ఇంకా ఎందుకు తగ్గాయి? అప్పుడు గానీ నేను చేయాల్సిన పని చేయలేదు. రెండు జవాబు పత్రాలూ టేబుల్ మీద పరిచి, పక్కన అటెండెన్స్ రిజిస్టర్ పెట్టుకుని, ఒక్కో ప్రశ్న ఎదురుగా ఆ పాఠం ఏ రోజు చెప్పానో రాసుకుంటూ పోయాను. వర్గ సమీకరణాల్లో కారణాంకాల పద్ధతిలో అడిగిన లెక్కలన్నీ సరిగ్గా చేసింది. వర్గం పూర్తిచేసే పద్ధతి అడిగిన చోట సమీకరణం ఎక్కించింది, స్థిరపదాన్ని కుడివైపుకు పంపింది. ఆ తర్వాత ఎక్స్ గుణకంలో సగం తీసుకుని, దాని వర్గాన్ని రెండు వైపులా కలపాలి. అక్కడ పెన్ను ఆగింది. ఒక లైను రాసి కొట్టేసింది, మళ్లీ రాసి మళ్లీ కొట్టేసింది. కాగితం వెనక వైపు చేత్తో తడిమితే ఆ గీతలు తగిలాయి, అంత గట్టిగా కొట్టేసింది.

రిజిస్టర్ చూస్తే, ఆ పాఠం చెప్పిన మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఆమె పోటీల్లో ఉంది. ఆ నాలుగు రోజుల్లోనే వర్గం పూర్తిచేయడం, సూత్రం రాబట్టడం, విచక్షణిని బట్టి మూలాల స్వభావం చెప్పడం అన్నీ అయిపోయాయి. పోయిన మార్కుల్లో దాదాపు అన్నీ ఆ నాలుగు రోజుల పాఠాలవే. మూడు వారాల తర్వాత పెట్టిన టెస్టులోనూ ఆ పాఠాల మీద ఆధారపడ్డ లెక్కలే ఉన్నాయి. పోటీలకు పంపింది బడే కాబట్టి రిజిస్టర్‌లో ఆ నాలుగు రోజులూ హాజరే. పాఠానికి మాత్రం గైర్హాజరు. ఆ పాఠం ఆమెకు మళ్లీ ఎవరు చెప్పాలన్నది మాలో ఒక్కరికీ తట్టలేదు.

నోట్స్ తెమ్మన్నాను. తెచ్చింది. స్నేహితురాలి పుస్తకం చూసి నాలుగు రోజుల పాఠాలూ పొందిగ్గా ఎక్కించుకుంది, శీర్షికల కింద రంగు గీతలు కూడా గీసింది. ఎన్నిసార్లు చదివావమ్మా అంటే, "నాలుగైదు సార్లు చదివాను టీచర్, చదివినప్పుడు వచ్చినట్టే ఉంటుంది" అంది. పుస్తకం మూసి ఒక లెక్క చేయమంటే చేయలేకపోయింది.

ఈ "వచ్చినట్టే ఉంటుంది" అన్నది ఆ పిల్ల ఒక్కదాని ఇబ్బంది కాదు. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీని మీదే ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. విద్యార్థుల్లో కొందరిచేత ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. ఇంకొందరిచేత ఒకసారి చదివించి, చూడకుండా గుర్తుచేసుకుని రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే చూడకుండా రాసినవాళ్లు ముందున్నారు. పోటీల నుంచి వచ్చిన పిల్ల చేసేదంతా మొదటి రకం పనే. అరువు తెచ్చుకున్న నోట్స్ ఎక్కించుకోవడం, చదువుకోవడం. కష్టపడుతుంది, ఫలితం రాదు. ఆ కష్టం మనకు కనపడదు, మార్కులే కనపడతాయి.

వాళ్ల నాన్నను మళ్లీ పిలిపించి, నేను తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. అమ్మాయిని గ్రౌండ్‌కి పంపమన్నాను. ఇక ఏం చేశామో కాస్త వివరంగా రాస్తాను. నాలాంటి టీచర్లు ఎవరైనా చదువుతారేమోనని ఆశ.

పిల్లలు పోటీలకు వెళ్లినప్పుడు ప్రతి సబ్జెక్టుకీ ఒక కాగితం రాస్తాం. అందులో మూడే విషయాలుంటాయి. ఈ రోజుల్లో ఏం చెప్పాం, అందులో తర్వాతి పాఠానికి తప్పనిసరిగా కావలసింది ఏది, దానికి ఏ రెండు లెక్కలు చేస్తే చాలు. "చాలు" అన్న మాట నాకు ముఖ్యం. ఇదివరకు తిరిగొచ్చిన పిల్లకు పాత హోంవర్కు, కొత్త హోంవర్కు రెండూ నెత్తిన పడేవి. మిగతావాళ్లు పద్దెనిమిది లెక్కలు చేస్తే ఈ పిల్లా పద్దెనిమిదీ చేయాల్సిందే. ఇప్పుడు రెండు చాలు, మిగిలిన పదహారూ వదిలేయమంటాను. ఆ రెండూ నా ఎదుట, పుస్తకం చూడకుండా చేయాలి. మూడో రోజు అలాంటిదే ఇంకొకటి, వారం తర్వాత మరొకటి ఇస్తాను. నేర్చుకున్నది ఎంత త్వరగా జారిపోతుందో, మధ్యలో ఎడం ఇచ్చి మళ్లీ నేర్చుకుంటే ఎంత బాగా నిలుస్తుందో జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లోనే రాశాడు. నేను బీఈడీలో అది చదివి పరీక్ష రాశాను. క్లాసులో వాడటానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది.

రోజుకి ఇరవై ఐదు నిమిషాలు, సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్లేముందు కూర్చునేవాళ్లం. అంతకన్నా ఎక్కువ సమయం ఎప్పుడూ పట్టలేదు.

పీఈటీ సార్‌తో కూర్చుని మాట్లాడటం ఇంకో పని. ఒకే బడిలో పదకొండేళ్లు పనిచేసి, పోటీల తేదీల గురించి మేమిద్దరం ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఆయన పోటీల క్యాలెండర్, నా టెస్టుల క్యాలెండర్ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఏడాది నాలుగు టెస్టుల్లో మూడు పోటీల వారంలోనో, ఆ మర్నాడో పడ్డాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. పిల్లలు అర్ధరాత్రి బస్సు దిగి, పొద్దున్నే వచ్చి పరీక్ష రాస్తున్నారు. ఇప్పుడు బడి తెరవకముందే రెండూ ఒక టేబుల్ మీద పెట్టుకుంటాం. తిరిగొచ్చిన రెండు రోజుల దాకా వాళ్లకు టెస్టు పెట్టం.

నిద్ర సంగతి కూడా ఆ రోజే బయటపడింది. సార్ పొద్దున ఐదున్నరకు ప్రాక్టీస్ పెట్టేవారు. ఆ అమ్మాయి రాత్రి పదకొండున్నర దాకా నోట్స్ ఎక్కించుకునేది. అంటే ఐదు గంటల నిద్ర. ఉదయం మొదటి పీరియడ్ నాదే. కళ్లు మూతలు పడుతుంటే ఎన్నిసార్లు నిలబెట్టానో. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. పైగా ఆ వయసులో ఒంట్లోని గడియారం వెనక్కి జరుగుతుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. పెందలాడే పడుకోమని చెప్పడం తేలిక, వాళ్లకు నిద్ర పట్టొద్దూ? ఈ కారణంగానే అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం హైస్కూళ్లు 8:30కి ముందు మొదలుపెట్టవద్దని 2014లో సూచించింది. చదివింది మనసులో స్థిరపడాలంటే నిద్ర కావాలి. నిద్ర తగ్గించి చదివించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. సార్ మంచి మనిషి, వారంలో మూడు రోజులు ప్రాక్టీస్ సాయంత్రానికి మార్చారు. పరుగు వేగం తగ్గుతుందేమోనని ఆయన టెన్షన్ పడ్డారు గానీ, తగ్గలేదు.

తలకు దెబ్బ తగిలిన పిల్లల గురించీ ఒక మాట చెప్పాలి. ఫుట్‌బాల్ ఆడే ఒక అబ్బాయి దెబ్బ తగిలిన వారం దాకా బోర్డు చూస్తే తలనొప్పి అనేవాడు. సాకు అనుకున్నాను. అది సాకు కాదని తర్వాత తెలిసింది. ఆటల్లో తలకు తగిలే దెబ్బల గురించి 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు చెప్పింది ఇదే. మొదటి ఒకటి రెండు రోజులు తేలిగ్గా ఉండనివ్వాలి, ఆ తర్వాత చదువును కొద్దికొద్దిగా పెంచాలి. పూర్తిగా తరగతికి అలవాటుపడ్డాకే పూర్తిస్థాయి ఆటకు పంపాలి. ఇలాంటి దెబ్బ సంగతి గ్రౌండ్ నుంచి క్లాస్ టీచర్‌కి అదే రోజు చేరాలి.

మార్కులు తగ్గితే జట్టులోంచి తీసేయాలని గట్టిగా వాదించేవాళ్లున్నారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1984లో అలాంటి చట్టమే తెచ్చింది. ఒక్క సబ్జెక్టులో 100కి 70 రాకపోయినా ఆరు వారాలు పోటీలకు దూరం. 1995లో దాన్ని మూడు వారాలకు తగ్గించారు. చదువును పక్కన పడేసి పిల్లల్ని ఆడించే బడులు ఉంటాయి, అలాంటి చోట భయం ఉండాలనే మాటను నేను కొట్టిపారేయను. కానీ ఆ నియమం పిల్ల తప్పాక గానీ కళ్లు తెరవదు. మొదటి పాఠం పోయిన వారంలోనే ఎవరో ఒకరు పలకరించి అడిగితే, తప్పేదాకా రాదు కదా.

ఇంకో వాదన విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. రోజర్ బానిస్టర్ వైద్యం చదువుతూనే 1954 మే 6న మైలు పరుగును 3 నిమిషాల 59.4 సెకన్లలో పూర్తిచేశాడు, నీకేమైంది అంటారు. నిజమే, ఆయన ఆ రోజు పొద్దున లండన్‌లో ఆసుపత్రి పని చూసుకుని, రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ వెళ్లి పరుగెత్తాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. మధ్యాహ్నం విరామంలో ప్రాక్టీస్ చేయాలని తనే నిర్ణయించుకున్నాడు. పదిహేనేళ్ల పిల్ల చేతిలో ఏముంది? ప్రాక్టీస్ వేళ సార్ పెడతారు, టెస్టు తేదీ నేను పెడతాను, బస్సు ఎప్పుడు బయల్దేరాలో ఇంకెవరో చెబుతారు. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలవకపోతే ఆ లోటంతా పిల్ల నిద్రలోంచి పోతుంది.

ఆ అమ్మాయికి తర్వాతి టెస్టులో 34 వచ్చాయి. ఏడాది చివరి పరీక్షలో లెక్కల్లో 100కి 78. క్లాసులో ఫస్టేం రాలేదు, నాకు ఆ పట్టింపూ లేదు. ఒకటి మాత్రం సరిచేయలేకపోయాను. నేను ఆపించిన ఆ మూడు వారాల్లోనే ఆ ఏడాది సెలక్షన్స్ జరిగిపోయాయి. పేరు పిలిచే రోజున ఆ పిల్ల నా క్లాసులో, రెండో బెంచీలో కూర్చుని ఉంది. ఆ మాట ఎప్పుడూ నాతో అనలేదు. పీఈటీ సార్ చెబితే తెలిసింది.

వచ్చే సోమవారం మా బడి నుంచి ఆరుగురు పోటీలకు వెళ్తున్నారు. పాఠ్య ప్రణాళిక ప్రకారం ఆ రోజు నేను శ్రేఢులు, అంటే ఒక క్రమంలో సాగే సంఖ్యల పాఠం, మొదలుపెట్టాలి. మొదలుపెట్టడం లేదు. ఆ మూడు రోజులూ మిగతా పిల్లలచేత పాత అధ్యాయం లెక్కలు చూడకుండా చేయిస్తాను, వాళ్లకూ అది అవసరమే. గురువారం ఆరుగురూ వచ్చి కూర్చున్నాక, అందరికీ కలిపి మొదటి పదం దగ్గర నుంచి చెబుతాను.

ఇట్లు,
ఒక హైస్కూలు లెక్కల టీచర్