మంత్రిగారూ, గుమ్మటం కింద మాట వినపడాలి

గౌరవనీయులైన పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి నమస్కారం.

కొత్త మసీదు ప్లాన్ అనుమతికి వస్తే మీ అధికారులు ఎత్తు చూస్తారు, పార్కింగ్ చూస్తారు, మంటలొస్తే జనం బయటపడే దారి చూస్తారు. లోపల మాట అర్థమవుతుందా అని మాత్రం ఎవరూ అడగరు.

నేను సివిల్ ఇంజనీర్ని. మేం నమాజుకు వెళ్లే కొత్త మసీదులో సెంట్రింగ్ విప్పిన రోజు గుమ్మటం కింద నడిమధ్య నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు పైకెళ్లి తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. అప్పుడే చెప్పాను, కార్పెట్ వేస్తే సర్దుకుంటుందన్నారు. పల్చటి కార్పెట్ సన్నటి శబ్దాలను పీల్చుకుంటుందేమో గానీ బొంగురు గొంతును ఏం చేస్తుంది? ఇప్పుడు ప్రతి శుక్రవారం ఖుత్బా, అంటే ఇమామ్ గారి ప్రసంగం, అయ్యాక మా నాన్న బయటికొచ్చి "ఇమామ్ గారు ఏం చెప్పార్రా?" అని అడుగుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఒకప్పుడు నడుమ స్తంభాల్లేని పెద్ద హాలు కప్పాలంటే ఎక్కువగా గుమ్మటం మీదే ఆధారపడేవారు. అది పక్కలకు నెట్టే తోపును లావాటి గోడలు, అర్ధగుమ్మటాలు కాసేవి. ఇప్పుడా తోపును రింగ్ బీమ్‌లోని, అంటే గుమ్మటం అడుగున చుట్టూ తిరిగే కాంక్రీటు దూలంలోని, ఉక్కు పట్టుకుంటుంది కాబట్టి ఎంత స్వేచ్ఛో! జకార్తాలో 1978లో ప్రారంభమైన ఇస్తిఖ్లాల్ మసీదులో 12 స్తంభాల మీద 45 మీటర్ల వ్యాసమున్న గుమ్మటం నిలబెట్టారు. జర్మనీలోని కొలోన్ మసీదులో కాంక్రీటు రేకుల మధ్య అద్దాలు పెట్టారు, చూస్తే విచ్చుకుంటున్న మొగ్గలా ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన కట్టడం.

కానీ అద్దం, గ్రానైట్, నున్నటి ప్లాస్టరింగ్ అన్నీ శబ్దాన్ని వెనక్కి కొట్టేవే. దానికి తోడు గుమ్మటం వంపు కేంద్రం, అంటే ఆ వంపు ఏ వృత్తంలో భాగమో దాని నడిమి బిందువు, మనుషుల తలల ఎత్తుకు దగ్గరగా వచ్చిందంటే ప్రతిధ్వని అంతా అక్కడే పోగవుతుంది, వినపడట్లేదని సౌండ్ పెంచితే ఇంకా గందరగోళం. 1557లో పూర్తయిన ఇస్తాంబుల్ సులేమానియే మసీదు గుమ్మటంలో దాని ఆర్కిటెక్ట్ సినాన్, శబ్దం కోసం, నోళ్లు హాలువైపు తెరుచుకునేలా మట్టికుండలు పెట్టించాడు, అంటే ఆ రోజుల్లోనే ఆయన చెవుల గురించి ఆలోచించాడు.

కాబట్టి మంత్రిగారూ, అనుమతి దరఖాస్తులో ఒక్క పేజీ చేర్చండి. గుమ్మటం వంపు కేంద్రం ఎంత ఎత్తున ఉంది, లోపలి ఉపరితలానికి ఏం పూస్తున్నారు, స్పీకర్లు ఎక్కడ పెడుతున్నారు, ఈ మూడూ రాయమనండి చాలు. మా మసీదులో ఇప్పుడు సరిచేయాలంటే గుమ్మటం దాకా మళ్లీ పరంజా కట్టాలి, చందాలు మళ్లీ పోగెయ్యాలి. కాగితం మీద ఉన్నప్పుడైతే ఒక గీత మార్చితే సరిపోయేది.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజనీర్