వార్షిక నివేదిక 2024–25

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, కాలనీ సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పేది లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను. ఈ ఏడాది పని అంటే ముందు చెప్పుకోవలసింది నూతి గురించే.

రామాలయం పక్కనున్న పాత నుయ్యి కుళాయిలు వచ్చాక చెత్తకుండీ అయిపోయింది. దాన్ని బాగుచేయాలన్న తీర్మానం మినిట్స్ బుక్కులో ఏళ్లుగా ఉంది. ఈ వేసవిలో పని మొదలైంది. నూతి పనివాళ్లు దిగే ముందు తాడుకు కట్టిన దీపాన్ని లోపలికి దింపారు. సగంలోనే ఆరిపోయింది. చెడు గాలి ఉందని ఆ పూటంతా ఫ్యాను పెట్టి గాలి కొట్టించి, మళ్లీ దీపం దింపి, అది నిలిచాకే దిగారు. పైకి వచ్చినవాటి సంగతి చెప్పుకుంటే మనకే సిగ్గు. వినాయక విగ్రహాల కర్ర చట్రాలు, గాజు పగిలిన దేవుడి పటాలు, సీసాలు, ఒక సైకిల్ రిమ్ము. వాటి కింద నల్లటి బురద. అదీ తోడేశాక రాళ్ల సందుల్లోంచి సన్నగా ఊట కనబడింది. పక్కింటి మామ్మగారు గట్టు దగ్గరికి వచ్చి చూసి, పనివాళ్లందరికీ మజ్జిగ పంపించారు.

తర్వాత కమ్యూనిటీ హాలు డాబా నీళ్లను పైపులతో నూతికి కలిపాం. వాన మొదట్లో నీళ్లు బయటికి పోయేలా ఒక వాల్వు పెట్టాం. డాబాల మీద పేరుకునే నల్ల దుమ్ము సంగతి విశాఖలో ఉన్నవాళ్లకు చెప్పాలా? ఆ తర్వాతి నీళ్లు ఫిల్టరు తొట్టెలోకి వస్తాయి. అడుగున 40 ఎంఎం కంకర రాళ్లు, దాని మీద 20 ఎంఎం కంకర, పైన ముతక ఇసుక. అక్టోబరు వానలకు నూతిలో నీళ్లు పైమెట్టు దాకా వచ్చాయి. ఆ ఫొటోకు వాట్సాప్ గ్రూపులో వచ్చినన్ని దండాలు మన గ్రూపులో దేనికీ రాలేదు. పరీక్ష చేయిస్తే తాగడానికి పనికిరావని, మిగతా వాడకానికి ఇబ్బంది లేదని తేలింది. మొక్కలకూ హాలు కడగడానికీ ఇప్పుడు ట్యాంకరు పిలవడం లేదు.

ఇదంతా పోర్టులో పనిచేసి రిటైరైన మన ఇంజినీరు గారి చలవ. మొదటి మీటింగులోనే ఆయన సుద్దముక్కతో లెక్క వేసి చూపించారు. 120 గజాల డాబా మీద 1 మిల్లీమీటరు వాన పడితే సుమారు 100 లీటర్లు. మన ఊళ్లో ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల పైచిలుకే పడుతుంది. అంటే ఒక్క డాబా మీదే లక్ష లీటర్లు. కొంత ఆవిరైనా, కొంత కారిపోయినా తక్కువేం కాదు. మరి మనం తాగేవి ఎవరి నీళ్లు? తాటిపూడి జలాశయం విజయనగరం జిల్లాలో ఉంది, రైవాడ జలాశయం అనకాపల్లి జిల్లాలో ఉంది, ఏలేరు కాలువ కాకినాడ జిల్లా నుంచి వస్తుంది. అక్కడి రైతుల వాటా ఇక్కడ తాగుతూ, మన డాబా మీద పడ్డ వానను కాలువ పాలు చేయడం నాకైతే నామోషీగా ఉంటుంది. ఇళ్లలో ఇంకుడు గుంతలకు పేర్లు ఇచ్చినవారు చాలామంది, తవ్వించినవారు కొద్దిమంది. మేస్త్రీ దొరకలేదన్న మాట ఇకమీదట చెల్లదు. మేస్త్రీ నంబరు నా దగ్గర ఉంది.

హుద్‌హుద్‌ తుపానుకు పదేళ్లు నిండాయి. 2014 అక్టోబరు 12న వీధుల్లో పడిపోయిన చెట్లను మనమందరం చూశాం కనుక ఈసారి త్వరగా పెరిగి త్వరగా విరిగే రకాలు వద్దనుకుని వేప, కానుగ, నేరేడు, పొగడ నాటాం. ట్రీ గార్డు పెట్టినవి బతికాయి, పెట్టనివి ఆవులు తిన్నాయి. కంబాలకొండ లోపల కూడా మొక్కలు నాటుదామని కొందరు యువకులు అడుగుతున్నారు. అది అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా కుదరదు. నిజానికి నిప్పు పడకుండా చూస్తే అడవి తనంతట తానే లేస్తుంది. కొండవైపు ప్రహరీ దగ్గర ఎండుటాకులు తగలబెట్టే అలవాటు మానండి, అదే పదివేలు. డిసెంబరులో పిల్లల్ని ముడసర్లోవ రిజర్వాయరుకు తీసుకెళ్లి నీటి మీద తేలే సోలార్ పలకలు చూపించాం. 2018లో పెట్టిన 2 మెగావాట్ల ప్లాంటు అది. బస్సు ఖర్చు భరించిన దాతకు, పులిహోర చేసి తెచ్చిన మహిళా విభాగానికి కృతజ్ఞతలు.

గెడ్డ (వాగు) విషయంలో మాత్రం చెప్పుకోదగ్గదేమీ లేదు. కొండ మీది నుంచి వచ్చే గెడ్డలో పాత ఇళ్లు పడగొట్టిన మట్టీ ఇటుకలూ రాత్రిళ్లు తెచ్చి పోస్తున్నారు. తొలగించమని అర్జీ పెట్టాం. ఫైలు టేబుల్ మీద ఉందంటారు, ఏ టేబులో ఎవరూ చెప్పరు. ఆఖరికి జూన్ మొదటి ఆదివారం మనమే దిగుదామంటే గ్రూపులో బొటనవేళ్లు బోలెడు, గెడ్డలో మనుషులు మాత్రం ఎప్పుడూ వచ్చేవాళ్లే. సెప్టెంబరు వానలకు కింది వీధిలో నీళ్లు నిలబడ్డాక ఫోన్లు చేసింది ఎక్కువగా రానివాళ్లే. అనుమతి లేకుండా బోరు వేయించే వారికి మరో మాట. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఇంకా అమల్లోనే ఉంది. సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని లోతుకు పోయి తోడేస్తే ఉప్పునీరు లోపలికి చొరబడుతుంది, అప్పుడు అందరి బోర్లూ పోతాయి.

జమా ఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఆడిటరు గారు చూసి సంతకం పెట్టారు. ఖర్చులో పెద్ద భాగం నూతిదే. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగవచ్చు.

నూతికి ఇనుప మూత చేయించి ఇచ్చిన వెల్డింగ్ షాపు తమ్ముడికి, రోజూ మోటారు వేసి కట్టే పూజారి గారికి, హాలు వాచ్‌మన్‌కు సంఘం తరఫున ధన్యవాదాలు. చందా బాకీలు ఈ సమావేశం ముగిసేలోగా కట్టేయండి. గెడ్డ పూడికతీత మే నెలలో మళ్లీ పెట్టుకున్నాం. వచ్చేవారు పారలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. పోయినసారి సంఘం పారలు పట్టుకెళ్లినవారు ఇంకా తిరిగి ఇవ్వలేదు.

ఇట్లు,
కార్యదర్శి