కొనేశానురా, పికప్పు!

ఒరేయ్ మావా,

నువ్వు వద్దు వద్దంటూనే ఉన్నావు, నేను కొనేశాను. ఫోటో చూసి నవ్వుతావని తెలుసు, నవ్వుకో. తలుపు ఒక రంగు, బానెట్ ఇంకో రంగు, సీట్లోంచి స్పాంజి బయటికొచ్చేసింది. అందుకే చవగ్గా వచ్చింది.

నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని అమ్మేవాడికి ముందే చెప్పాను. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశా, చల్లగానే ఉంది. ఇంజన్ వేడెక్కితే సగం రోగాలు కనపడవురా. డీజిల్ బండి కదా, మొదట కాస్త తెల్లపొగ వచ్చి తగ్గింది. అది పర్లేదు. నీలం పొగ ఆగకుండా వచ్చి ఉంటే ఆయిల్ తాగుతోందని అక్కణ్ణుంచే తిరిగొచ్చేసేవాణ్ణి.

తర్వాత బండి కింద దూరాను. చొక్కా పోయిందనుకో. చిన్న సుత్తితో ఛాసిస్, అదే బండి కింది ఇనప చట్రం, పొడవునా కొట్టుకుంటూ పోయా. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట సౌండు చచ్చిపోతుంది. వెనక కమాన్ పట్టీలు, అదే కుదుపులు తట్టుకునే స్ప్రింగు పట్టీలు, బిగించేచోట మరీ జాగ్రత్తగా చూడాలి. అక్కడ మట్టి చేరి, తడి ఆరక, లోపల్నుంచే తినేస్తుంది. ఛాసిస్‌కి కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే నాకైతే ఇంకా అనుమానం. ఇంజన్ పోతే ఇంకోటి ఎక్కించొచ్చు, తలుపులు పాత సామాన్లలో దొరుకుతాయి. బరువంతా మోసే ఛాసిస్ పుచ్చిపోతే ఇంకేం మిగులుతుంది చెప్పు? దీనిది గట్టిగా ఉంది. నంబరు కూడా కాగితాలతో సరిపోయింది.

టైర్ల మీద తేదీ చూడ్డం నీకు తెలుసుగా? చివరి నాలుగంకెలు 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడులు ఎంత లోతుగా ఉన్నా పాత రబ్బరు పాతదే. బేరంలో బాగా పనికొచ్చిందిలే.

ఇంట్లో అందరూ ముందు రంగు వేయించమని ఒకటే గోల. నేను వినడం లేదు, ముందు బ్రేకులు. వెనక డ్రమ్ములు విప్పితే బ్రేకు షూలని డ్రమ్ముకి నొక్కే వీల్ సిలిండర్లు కారి షూలన్నీ తడిసిపోయి ఉన్నాయి. సిలిండర్లు, షూలు, రబ్బరు హోసులు, బ్రేకు ఫ్లూయిడ్ మొత్తం మార్పించా. ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. లోడుతో ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోయిందనుకో, అప్పుడు పైన ఏ రంగుంటే ఏం? కమాన్ పట్టీలు విప్పినప్పుడు వాటిని ఇరుసుకి బిగించే యూ బోల్టులు కూడా కొత్తవే వేయించా. ఒకసారి బిగించి సాగినవాటిని మళ్ళీ నమ్మలేం.

వెనక తొట్టి అడుగున చిల్లులున్నాయి. పుట్టీతో మూసేద్దామన్నాడు మేస్త్రీ. ఒప్పుకోలేదు. దాని వెనక తడి నిలిచి చుట్టూ పాకుతుంది. పుచ్చినంత మేర కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయిస్తున్నా. పైపైన తుప్పు పట్టినచోట వైర్ బ్రష్‌తో గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న కన్వర్టర్ అనే మందు పూస్తే తుప్పు నల్లటి పొరగా మారుతుంది, దానిమీద ప్రైమర్. నీళ్ళు పోయే రంధ్రాలు కూడా మట్టితో పూడిపోయి ఉంటే తెరిపించాను.

గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు ఇంకా చూడలేదు. గేరు మార్చినప్పుడల్లా కింద టక్కుమంటోంది. నీ గ్రీజు గన్ పట్టుకుని ఒక ఆదివారం రా. పాత బట్టలు వేసుకుని రా!

నీ
మావ