మెక్‌నాటన్ విడుదల కాలేదు

సంపాదకులకు,

మతి చలించినవారు హత్యకేసులో నిర్దోషులని తేలితే ‘పిచ్చి పేరుతో తప్పించుకున్నాడు’ అనేస్తారు. ఆ మాట వింటే బాధేస్తుంది. 1843 జనవరిలో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్, బ్రిటన్ ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను వెనుక నుంచి కాల్చాడు. ఐదు రోజులకు డ్రమండ్ చనిపోయారు. టోరీలు (పీల్ పార్టీవారు) తనను వెంటాడుతున్నారని మెక్‌నాటన్ భ్రమ. మతి చలించిందన్న కారణంతో జ్యూరీ నిర్దోషి అంది. విక్టోరియా రాణి సైతం మండిపడ్డారు. బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ అయిన లార్డ్స్ సభ, మతి చలించినవారి నేరబాధ్యతపై న్యాయమూర్తులను వివరణ అడిగింది. మతి చలించినవారి చేతలు నేరం కావనే మన పాత శిక్షాస్మృతి 84వ సెక్షన్‌కు, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్‌కు న్యాయమూర్తులిచ్చిన ఆ జవాబులే మూలం. కానీ మెక్‌నాటన్‌ను ఇంటికి పంపలేదు. బెత్లెం మానసిక ఆసుపత్రిలో, తర్వాత నేరం చేసిన మానసిక రోగులను ఉంచే బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలో బందీగానే ఉండి 1865లో కన్నుమూశాడు. ఇలాంటి తీర్పులు వచ్చినప్పుడు, నిందితుణ్ని తర్వాత ఎక్కడ ఉంచారో, వైద్యం అందుతోందో లేదో కూడా దయచేసి రాయండి.

– ఒక పాఠకుడు, విజయవాడ